బొలెరో పికప్ ఇచ్చేసి పాత ఐషర్ లారీ తీసుకోవచ్చా?

అన్నలకు నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఆరేళ్లుగా బొలెరో పికప్‌లో చీనీకాయలు అనంతపురం మార్కెట్ యార్డుకు తోలుతున్నా. అబద్ధం చెప్పకూడదు, బండి ఒక్కరోజూ నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. కానీ టన్నున్నరకు మించి వేయలేం. సీజన్‌లో ఒక్క తోటకే మూడు ట్రిప్పులు, బాడుగంతా డీజిల్‌కే పోతోంది.

ఇప్పుడు 2017 మోడల్ ఐషర్ ఒకటి బేరానికొచ్చింది. 14 అడుగుల బాడీ, బీఎస్4 (పొగ ప్రమాణం) ఇంజిన్. మా పికప్ ఇచ్చి పైన మూడున్నర లక్షలు కట్టమంటున్నారు. నేను పోయేసరికే ఇంజిన్ వేడిగా ఉంది, చల్లగా ఉంటే స్టార్ట్ కాదని ముందే స్టార్ట్ చేసి పెట్టారేమోనని అక్కడే నాకు అనుమానం. స్టార్టింగ్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పితే పొగ బుసబుసమని కొట్టింది. బ్రోకరేమో 'డీజిల్ బండికి ఆ మాత్రం ఉంటదిలే' అంటాడు. అంటే ఇంజిన్ రిపేరుకొచ్చినట్టేనా? బోరు, పిస్టన్లు మొత్తం చేయిస్తే ఎంతవుతుంది?

8 ఏళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదు, సరే. బండి, లోడ్ కలిపి మొత్తం బరువు 7,500 కిలోల వరకు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఈ బండి ఆర్‌సీలో మొత్తం బరువు ఎంతుందో ఇంకా చూడలేదు.

లోడ్‌తో మైలేజీ ఎంతొస్తుందో నడిపినోళ్లు చెప్పండన్నా. మా ఆవిడ ఇప్పటికే పికప్ తాళాలు దాచిపెట్టింది.