డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్‌లో ఊదను అంటే ఏమైతాది?

తిరుపతిలో రాత్రిపూట బండ్లు ఆపి మిషన్ ఊదిస్తా ఉండారు కదా, మా తమ్ముడేమో ఒక్క బీరుకు కేసు కాదులే, అయినా నేను ఊదను అంటే వాళ్ళేం చేస్తారు అంటాడు. ఎంత తాగితే కేసన్నా? నాకు వాడి గురించి భయంగా ఉండాది.

జవాబు: బీర్ల లెక్క కాదబ్బా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద కేసు, మొదటిసారికే 10,000 దాకా ఫైను లేదా 6 నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. మళ్ళీ దొరికితే 15,000, 2 ఏండ్ల దాకా జైలు. ఊదను అన్నా వదలరు, తాగినాడని అనుమానముంటే వారంటు లేకుండానే అరెస్టు చేసే అధికారం 203 సెక్షన్లో ఉండాది, ఆస్పత్రికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయిస్తారు, ఒప్పుకోలేదంటే కోర్టులో అదే వాడికి ఎదురు తిరుగుతాది.

జవాబు: ఇంకోటి, తాగి గుద్దితే సొంత బండి రిపేరుకు ఇన్సూరెన్సోళ్ళు పైసా ఇవ్వరు.

జవాబు: చెకింగ్ మంచిదే గానీ ఊర్లో సర్కిళ్ళ కాడ చేస్తే చాలదు, రేణిగుంట రోడ్డు, చంద్రగిరి బైపాస్ మీద కూడా పెట్టాల, తిరుమలకి నడిచి పోయే భక్తులు తెల్లారకముందే రోడ్డు పక్కన గుంపులుగా పోతా ఉంటారు, పాపం వాళ్ళకి దిక్కెవరు? హైవేకి 500 మీటర్ల లోపల మందు షాపులు వద్దని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత టౌన్లలో సడలించినారు. మీ తమ్ముడిని తాగిన రోజు బండి తాళం ఇంట్లో పెట్టి ఆటోలో పొమ్మను తల్లీ.

అడిగినామె: సరే అన్నా, ఈ రాత్రే వాడికి ఇదంతా చదివిస్తా.