విమ్‌లో తెలుగు టైప్ చేశాక కమాండ్లు పనిచేయట్లేదు, అలాగే మీరు రోజూ వాడే షార్ట్‌కట్లు చెప్పండి

గోదారి_టెర్మినల్:
అందరికీ నమస్తే అండి. ఆర్నెల్ల నుంచి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతున్నా, పైథాన్ కోడ్‌కి, మా యాప్ తెలుగు అనువాదాల జేసన్ ఫైళ్ళకి. జే జే జే నొక్కుకుంటూ కిందకి దిగడం, ఎక్స్ కొట్టుకుంటూ ఒక్కో అక్షరం చెరపడం, ఇంతవరకే వచ్చింది, ఇంకా ముందుకి పోవట్లేదు. దానికంటే పెద్ద తలనొప్పి తెలుగుతో. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌లో ఒక లైన్ కొట్టి, ఎస్కేప్ నొక్కి, కిందకి పోదామని జే నొక్కితే కర్సర్ కదలదు, లేఅవుట్ ఇంకా తెలుగులోనే ఉంది కదా, విమ్‌కి వెళ్ళేది "ర". కే నొక్కితే "క". ప్రతిసారీ లేఅవుట్ మార్చడం, మళ్ళీ మార్చడం, విసుగొచ్చేస్తోంది. ఉబుంటు, విమ్ 9, తెలుగు టైపింగ్‌కి ఎఫ్‌సీఐటీఎక్స్ 5 అనే ఇన్‌పుట్ మెథడ్ వాడుతున్నా. మీరంతా ఏం చేస్తున్నారు?

ఓరుగల్లు_కోడర్:
తెలుగు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను షార్ట్‌కట్లు చెప్తా తమ్ముడూ. ముందు రిలేటివ్‌నంబర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్. ప్రతి లైన్ పక్కన అది ఎన్ని లైన్ల దూరంలో ఉందో కనిపిస్తుంది, 7 అని ఉంటే 7 జే కొట్టు, అయిపోయింది. ఇగ్నోర్‌కేస్, స్మార్ట్‌కేస్ రెండూ కలిపి పెట్టుకో, అన్నీ చిన్న అక్షరాలతో వెతికితే పెద్దవీ దొరుకుతాయి, ఒక్క పెద్ద అక్షరం కొట్టినా అచ్చం అదే వెతుకుతుంది.

వేరియబుల్ పేరు మార్చాలంటే దాని మీద కర్సర్ పెట్టి స్టార్ నొక్కు, తర్వాత సీ జీ ఎన్, కొత్త పేరు, ఎస్కేప్. ఇక డాట్ నొక్కుతూ పో, ఒక్కో డాట్‌కి తర్వాతది మారిపోతుంది, ప్రతి మార్పూ కళ్ళ ముందే జరుగుతుంది కాబట్టి నాకు ఫైలంతా ఒకేసారి రీప్లేస్ చేయడం కంటే ఇదే నమ్మకం.

జేసన్‌లో అనువాదం మార్చడానికి సీ ఐ డబల్ కోట్. కానీ జాగ్రత్త, కర్సర్ లైన్ మొదట్లో ఉండగా కొడితే ఎడమ పక్క ఉన్న కీ పేరే (ఆ అనువాదానికి పెట్టిన పేరు) ఎగిరిపోతుంది. ముందు ఎఫ్ కోలన్, తర్వాత డబ్ల్యూ కొడితే వాల్యూ మొదటి కోట్ మీద నిలబడతావ్, అప్పుడు కొట్టు.

కృష్ణలంక_లినక్స్:
తెలుగు సమస్య నాదీ అదే అండి, రెండు దారులున్నాయి. సులువైనది: విమ్ సెట్టింగుల ఫైల్ వీఐఎమ్ఆర్‌సీలో, టైప్ చేసే ఇన్సర్ట్ మోడ్ వదిలినప్పుడు వచ్చే ఇన్సర్ట్‌లీవ్ అనే ఈవెంట్‌కి ఒక ఆటోకమాండ్ (దానంతటదే నడిచే కమాండ్) పెట్టి, అందులో ఎఫ్‌సీఐటీఎక్స్5 రిమోట్ కమాండ్‌ని మైనస్ సీ తో నడిపించండి. ఎస్కేప్ నొక్కగానే ఇన్‌పుట్ మెథడ్ దానంతటదే ఆగిపోతుంది, జే మళ్ళీ జే అవుతుంది.

కానీ ఇక్కడ ఒక లోటుంది. ఎఫ్ నొక్కి "క" దగ్గరికి దూకాలన్నా, ఆర్ నొక్కి ఒక తెలుగు అక్షరం మార్చాలన్నా అప్పటికే లేఅవుట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. అందుకే నేను రెండో దారికి మారిపోయా, విమ్ సొంత కీమ్యాప్, అంటే ఏ కీకి ఏ అక్షరం రావాలో చెప్పే పట్టిక. డాట్‌విమ్ ఫోల్డర్లో కీమ్యాప్ అనే ఫోల్డర్, అందులో ఒక ఫైల్, లోడ్‌కీమ్యాప్ అనే లైను కింద ఎడమ పక్క ఇంగ్లిష్ అక్షరం, కుడి పక్క తెలుగు అక్షరం. ఒక సాయంత్రం కూర్చుంటే ఇన్‌స్క్రిప్ట్ మొత్తం రాసేయొచ్చు. సిస్టమ్ లేఅవుట్ ఎప్పుడూ ఇంగ్లిషే, ఇన్సర్ట్‌లో కంట్రోల్ 6 నొక్కితే తెలుగు, మళ్ళీ నొక్కితే ఇంగ్లిష్. కమాండ్లకి దీనితో సంబంధమే ఉండదు, ఎఫ్‌కీ ఆర్‌కీ మాత్రం తెలుగు అక్షరం అందుతుంది. కీమ్యాప్ సెట్ చేసిన లైన్ కిందే ఐఎమ్‌ఇన్సర్ట్ సున్నా పెట్టండి, లేకపోతే ఫైల్ తెరవగానే తెలుగులో మొదలవుతుంది.

ఇంకోటి, డెల్‌కంబైన్ అనే సెట్టింగ్. మామూలుగా "కి" మీద ఎక్స్ కొడితే అక్షరం మొత్తం పోతుంది, ఇది ఆన్ చేస్తే గుడి ఒక్కటే పోయి "క" మిగులుతుంది. గుణింతం తప్పులు దిద్దేటప్పుడు ప్రాణం లేచొస్తుంది.

రాత్రి_షిఫ్ట్:
పై ఇద్దరూ చెప్పనిది ఒకటి, అండూఫైల్ అనే సెట్టింగ్. ఓసారి కరెంటు పోయి మెషిన్ ఆగిపోయింది, మళ్ళీ తెరిచి పొద్దున్న చెరిపేసిన ఫంక్షన్ కోసం యూ (అండూ) కొడితే వెనక్కి పోవడానికి ఏమీ లేదు, మొత్తం మళ్ళీ రాశా. అండూఫైల్ ఉంటే సేవ్ చేసి మూసి మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులు యూ తో వెనక్కి వస్తాయి. ఆ అండూ ఫైళ్ళకి ఒక ఫోల్డర్ మాత్రం మీరే ముందు తయారు చేసి, దాన్ని అండూడిర్ సెట్టింగ్‌లో పెట్టండి, అండూడిర్ పెట్టకపోతే ప్రతి ఫైల్ పక్కన ఒక అండూ ఫైల్ పుట్టి గిట్ స్టేటస్ నిండా అవే.

ఎస్కేప్ దూరంగా ఉందనిపిస్తే క్యాప్స్‌లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకోండి. బిల్ జాయ్ 1976 ప్రాంతంలో విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ రాసింది ఏడీఎమ్-3ఏ టెర్మినల్ మీద, దాంట్లో ఎస్కేప్ ఇప్పటి ట్యాబ్ ఉన్న చోట ఉండేది, హెచ్ జే కే ఎల్ కీల మీదే బాణం గుర్తులుండేవి. మన కీబోర్డులో అది మూలకి పోయింది కాబట్టే చిటికెన వేలికి ఈ తిప్పలు.

గోదారి_టెర్మినల్:
కృష్ణలంక గారూ, ముందు ఆటోకమాండ్ పెట్టి చూశా, ఎస్కేప్, జే, కర్సర్ దిగింది! చాలా థాంక్స్ అండి. కీమ్యాప్ ఫైల్ ఆదివారం రాస్తా. డెల్‌కంబైన్ ఇప్పుడే "కి" మీద చూశా, నిజంగానే గుడి ఒక్కటే పోయింది. ఓరుగల్లు అన్నా, కీ పేరు ఎగిరిపోవడం నాకు నిన్ననే జరిగింది, ఎందుకో అర్థం కాక గంట వెతికా.