నాన్నగారి ‘థ్రిల్లర్’ క్యాసెట్ పోయేలా ఉంది, 2001 స్పెషల్ ఎడిషన్ సీడీ కొనొచ్చా?

సత్యనారాయణపురం కుర్రోడు

నమస్కారం అండీ. మాది విజయవాడ. వచ్చే నెల మా నాన్నగారి షష్టిపూర్తి. ఆయన డిగ్రీ చదివే రోజుల్లో గవర్నర్‌పేటలో ఒక రికార్డింగ్ షాపులో నింపించుకున్న మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ క్యాసెట్ ఇంట్లో ఉంది. టీడీకే డీ60, అంటే అరవై నిమిషాలది. అట్ట మీద నీలం ఇంకుతో ‘ఎం. జాక్సన్ – ఫుల్’ అని ఆయన చేతిరాత. మొన్న పెట్టి చూస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది, మధ్యమధ్యలో పూర్తిగా మాయమవుతోంది.

సరే, సీడీ కొనిద్దామని చూస్తే తల తిరిగింది. మామూలుది ఉంది, 2001 స్పెషల్ ఎడిషన్ ఉంది, 2008లో 25 ఏళ్లకి ఒకటి, 2022లో 40 ఏళ్లకి ఇంకోటి. సెకండ్ హ్యాండ్‌లో స్పెషల్ ఎడిషన్ దొరుకుతోంది. రీమాస్టర్ అంటే పాటని మళ్లీ మిక్స్ చేస్తారా? నిజంగా బాగుంటుందా? నకిలీని ఎలా గుర్తుపట్టాలి? అసలు ఆ క్యాసెట్‌కి వైద్యం ఏమన్నా ఉందా?

గుంటూరు కలెక్టర్ (జిల్లాది కాదు, సీడీలది)

తమ్ముడూ, నా దగ్గర నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి, మా ఆవిడకి మాత్రం చెప్పకు.

అసలు ఆల్బమ్ 1982 నవంబరులో వచ్చింది. తొమ్మిది పాటలు, 42 నిమిషాల చిల్లర. ఆ తొమ్మిదీ అన్నిట్లోనూ ఉంటాయి, తేడా అంతా వెనకాల అతికించిన సరుకులోనే. 2008 దాంట్లో విల్.ఐ.యామ్, ఏకాన్, కాన్యే వెస్ట్ లాంటివాళ్లు చేసిన రీమిక్సులు పెట్టారు. అరవై ఏళ్ల మనిషికి అది కానుక అనుకోకు. 2022 దాంట్లో రెండో డిస్కు నిండా అప్పటి డెమోలు (అసలు రికార్డింగ్‌కి ముందు నమూనాగా పాడుకున్నవి), బయటికి రాని పాటలు. అది మనలాంటి పిచ్చోళ్లకి.

2001 స్పెషల్ ఎడిషన్ ఈ రెండిటికీ మధ్యరకం. తొమ్మిది పాటలయ్యాక నిర్మాత క్విన్సీ జోన్స్, రచయిత రాడ్ టెంపర్టన్ మాటలు వస్తాయి. ‘థ్రిల్లర్’ చివర్లో విన్సెంట్ ప్రైస్ చెప్పే ఆ భయంకరమైన మాటలు ఉన్నాయి చూడు, ఆ రికార్డింగ్ సెషన్ కూడా వేశారు, పాటలో వాడని ముక్కతో సహా. ‘ఈ.టీ.’ సినిమా కథ రికార్డు కోసం పాడిన ‘సమ్‌వన్ ఇన్ ద డార్క్’ ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, ‘బిల్లీ జీన్’ 1981లో ఇంట్లో చేసుకున్న డెమో ఒక ఎత్తు. బాణీ కట్టేటప్పుడు మన సంగీత దర్శకులు డమ్మీ పదాలు పాడరూ? అదే. సగం చోట్ల మాటలు ఇంకా పుట్టలేదు, ఆయన ఏదో గొణుగుతూ పోతాడు, తాళం మాత్రం అప్పటికే బండరాయిలా కూర్చుంది. ఈ ఒక్కదాని కోసం కొనొచ్చు అంటాను నేను.

పటమట సౌండ్ బాక్స్

కలెక్టర్ గారు సరుకు గురించి చెప్పారు, శబ్దం గురించి నేను చెప్తా.

రీమిక్స్ వేరు, రీమాస్టర్ వేరు. స్టూడియోలో డ్రమ్స్, బేస్, గొంతు అన్నీ విడివిడి ట్రాకుల్లో ఉంటాయి. వాటిని కలిపి కుడి ఎడమ రెండు ట్రాకులకి దించడం మిక్స్. ఆ దించిన టేపుని రికార్డుకో, క్యాసెట్టుకో, సీడీకో సరిపడేలా తూకం వేసి సిద్ధం చేయడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే ఈ రెండో పని మాత్రమే మళ్లీ చేయడం. మొదటిసారి ఆ పని చేసింది బెర్నీ గ్రండ్‌మన్, మిక్స్ బ్రూస్ స్వీడియన్‌ది. స్పెషల్ ఎడిషన్‌లో ఆ మిక్స్‌ని ఎవరూ కదిలించలేదు, నిశ్చింతగా ఉండండి.

మరి ఏం మారింది? ముఖ్యంగా గట్టిదనం. సీడీలు వచ్చిన కొత్తలో సౌండు తక్కువ మట్టంలో పెట్టేవాళ్లు. తొంభైల చివరికి వచ్చేసరికి ఎవడి సీడీ గట్టిగా మోగితే వాడిది గొప్ప అయింది. సీడీకి ఒక పైకప్పు ఉంటుంది, శబ్దం దాన్ని దాటి పోలేదు. కాబట్టి పెద్ద దెబ్బల్ని లిమిటర్‌తో నొక్కి, మిగతాదంతా పైకి లేపుతారు. అలా చేస్తే డ్రమ్ము దెబ్బకీ దాని చుట్టూ ఉన్న నిశ్శబ్దానికీ ఎడం తగ్గిపోతుంది. 2001 దాన్ని కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పాత సీడీ పక్కన పెట్టి చూడండి. పాతది కొండలూ లోయల్లా ఉంటుంది, కొత్తది గట్టు నిండా పారే బందరు కాలవలా ఉంటుంది.

‘బిల్లీ జీన్’ మొదట్లో ఏ వాయిద్యమూ లేకుండా డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి కదా. అక్కడ వినండి. డ్రమ్మర్ ఎన్డూగు చాన్స్‌లర్. ఆ శబ్దం కోసం స్వీడియన్ ప్లైవుడ్‌తో ప్రత్యేకంగా వేదిక కట్టించుకున్నాడు, కిక్ డ్రమ్ముకి జిప్పు పెట్టిన గలీబు తొడిగించాడు. ఆ పాటకి 91 మిక్సులు చేసి, చివరికి రెండోదే వాడామని ఆయనే చెప్పుకున్నాడు. కొత్తది కాబట్టి మెరుగు అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్తుంటాను.

పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెండిటి వాల్యూమూ చెవికి సమానంగా వినపడేలా పెట్టుకుని పోల్చండి. ఒకటీ రెండూ డెసిబెల్స్ ఎక్కువున్నా మన చెవి అదే బాగుందంటుంది, బేసూ ట్రెబులూ నిండుగా తోస్తాయి. ఆటోలో ప్రతి పాటా ఎందుకు బాగుంటుందో ఆలోచించండి మరి. సమానం చేసి వింటే నా ఓటు ఎనభైల్లో అచ్చయిన మామూలు సీడీకే. ప్రపంచమంతా లెక్కలేనన్ని అచ్చయ్యాయి, అరుదైనది కాదు, ధర చూసి భయపడక్కర్లేదు.

గుంటూరు కలెక్టర్ (జిల్లాది కాదు, సీడీలది)

పటమట గారితో ఈ మాట మీద నాకు పదేళ్ల తగాదా. 2001 దాన్ని వింటే చెవులేం ఊడిపోవు, దాని తర్వాత వచ్చిన కొన్నిటితో పోలిస్తే మర్యాదగానే ఉంటుంది. సరే వదిలేద్దాం.

నకిలీ సంగతి చెప్తా. డిస్కు కిందివైపు ఫొటో అడుగు. ఫ్యాక్టరీలో అచ్చయింది వెండిలా మెరుస్తుంది. ఆకుపచ్చో నీలమో ఛాయ కనిపిస్తే కంప్యూటర్‌లో రాసింది. తర్వాత మధ్య చిల్లు చుట్టూ ఉండే ఉంగరంలో సన్నటి అక్షరాలు చూడు. 1994 నుంచి ఫ్యాక్టరీలు అక్కడ ‘ఐఎఫ్‌పీఐ’ అనే గుర్తుతో కోడు వేయడం మొదలుపెట్టాయి. 2001 డిస్కు మీద అది లేకపోతే అనుమానించాల్సిందే. ఎనభైల డిస్కు మీద లేకపోతే అది సహజం, గాభరా పడకు. నేనోసారి అట్ట చూసి మురిసిపోయి డబ్బులు పంపితే, అట్ట కలర్ జిరాక్సు, లోపల ఊదా రంగు డిస్కు. అమ్మినవాడు ఫోన్ ఎత్తితే ఒట్టు.

బ్రాడీపేట పాత టేపు

అందరూ సీడీ సీడీ అంటున్నారు. అబ్బాయి క్యాసెట్ గురించి కూడా అడిగాడండీ.

బాబూ, నీళ్లలోంచి వస్తున్నట్టు ఉండటం, మధ్యలో మాయమవడం, ఈ రెండూ కలిస్తే పదింట తొమ్మిదిసార్లు ప్యాడ్ ఊడిందని అర్థం. క్యాసెట్ ముందు అంచున, మధ్య కిటికీలో, రాగి రంగు స్ప్రింగు రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. టేపు మీది పాటని చదివే హెడ్డుకి టేపుని ఆనించేది అదే. నలభై ఏళ్లకి జిగురు ఎండిపోతుంది, మన విజయవాడ ఎండలకి అడగాలా! అది ఊడితే టేపు హెడ్డుకి తగలదు. పాట ఎక్కడికీ పోలేదు, టేపులోనే ఉంది.

ఐదు స్క్రూలుంటే అదృష్టం. పనికిరాని స్క్రూల క్యాసెట్ ఇంకోటి తీసుకో. నీదాన్ని ‘ఎ’ వైపు పైకి పెట్టి, విప్పే ముందు ఒక ఫొటో, పై మూత లేపగానే ఇంకో ఫొటో తియ్యి. రెండు చక్రాలూ టేపుతో సహా ఎత్తి, ప్యాడ్ బాగున్న డబ్బాలో అదే దారిలో కూర్చోబెట్టు. టేపుని వేళ్లతో ముట్టుకోకు. అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ వాడకు, పాట పాడవచ్చు. మూసాక ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు ప్లే నొక్కు. అంతకంటే ముందు దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్డూ రబ్బరు రోలరూ తుడువు. సెంటు, గోళ్ల రంగు చెరిపేది వాడేవాళ్లని చూశాను, వాళ్ల రోలర్లు జిగటగా అయి టేపుని నమిలేశాయి.

సత్యనారాయణపురం కుర్రోడు

బ్రాడీపేట గారూ, మీకు శతకోటి దండాలు. ప్యాడే! విప్పి చూస్తే ఆ ఫెల్ట్ ముక్క డబ్బా మూలన చచ్చిన చీమలా పడి ఉంది. మా అమ్మ భజన క్యాసెట్ ఒకటి బలి ఇచ్చా (మొదటే అరిగిపోయింది, అమ్మ ఒప్పుకుంది). ఇప్పుడు పాట వస్తోంది.

స్పెషల్ ఎడిషన్ కూడా వచ్చింది, ఐఎఫ్‌పీఐ కోడు ఉంది. సీడీ ప్లేయర్ లేదు కానీ పాత డీవీడీ ప్లేయర్‌లోంచి ఎరుపు, తెలుపు వైర్లు యాంప్లిఫయర్‌కి పెడితే శుభ్రంగా మోగింది.

ఇప్పుడు అసలు చిక్కు. ముందే ఒకసారి వినిపిద్దామని పెట్టా. నాన్నగారు కళ్లు మూసుకుని రెండు పాటలు విని, “బాగుందిరా, కానీ వీడు కాస్త నీరసంగా పాడుతున్నాడేంటి?” అన్నారు. నీరసం! ‘థ్రిల్లర్’ అయిపోయి ఆ నవ్వు ఆగగానే ‘బీట్ ఇట్’ మొదలైతే ఉలిక్కిపడ్డారు. “ఇక్కడ ఇళయరాజా పాట రావాలి కదా” అన్నారు.

లబ్బీపేట అక్క

ఆయన అన్నది నిజమే తమ్ముడూ! అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు ముప్పై. ఆల్బమ్ ‘ఎ’ వైపు ఇరవై నిమిషాలే, ‘థ్రిల్లర్’ నవ్వుతో అయిపోతుంది. మిగిలిన పది నిమిషాలు ఖాళీగా ఇస్తే ఎవరు ఊరుకుంటారు? షాపతను “ఏం వెయ్యమంటారు” అని అడిగేవాడు. మా అన్నయ్య ‘థ్రిల్లర్’ వెనకాల అన్నమయ్య కీర్తనలు ఉండేవి, మా నాయనమ్మ పుణ్యమా అని. ఆ నవ్వు వినగానే మా ఇంట్లో చేతులు వాటంతటవే జోడయ్యేవి.

పటమట సౌండ్ బాక్స్

ఈ మిగులు భాగాల మహిమ అసలు ఆల్బమ్‌లోనే ఉందండీ. టోటో అనే రాక్ బృందం వాళ్లు క్విన్సీ జోన్స్‌కి డెమోలు పంపుతూ, ఖాళీ క్యాసెట్ లేక, తమలో ఒకడైన స్టీవ్ పోర్కారో సొంత పాట ఉన్న క్యాసెట్‌నే వాడారు. క్విన్సీ వింటుంటే పంపిన పాటలు అయిపోయి రెండో వైపుకి తిరిగింది, అక్కడ ‘హ్యూమన్ నేచర్’ దొరికింది.

నీరసం సంగతికొస్తే, వేగం తేడా అయ్యుంటుంది. సీడీలో ‘బిల్లీ జీన్’ సరిగ్గా 4 నిమిషాల దగ్గర ఏ మాట వస్తుందో చూసుకో. క్యాసెట్‌లో అదే మాట ఎన్నో సెకనులో వస్తుందో ఫోన్‌తో కొలువు.

సత్యనారాయణపురం కుర్రోడు

మూడుసార్లు కొలిచా. 3 నిమిషాల 53 సెకన్లు.

పటమట సౌండ్ బాక్స్

240ని 233తో భాగించు. క్యాసెట్ 3 శాతం వేగంగా పోతోంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడం సుమారు 6 శాతం. అంటే మీ నాన్నగారు నలభై ఏళ్లుగా అందులో సగం ఎత్తు శ్రుతిలో వింటున్నారు. అంత జ్ఞాపకం ఉందంటే ఆయన చెవికి నమస్కారం.

బ్రాడీపేట పాత టేపు

వెంటనే మోటారు వెనక చిల్లులో స్క్రూ తిప్పకు బాబూ. ముందు ఏదైనా కంపెనీ క్యాసెట్ అదే డెక్కులో పెట్టి చూడు. అది సరిగ్గా వస్తే మీ డెక్కు మంచిదే. నింపినప్పుడు షాపువాళ్ల డెక్కు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగేటప్పుడు నింపిన టేపు, సరైన వేగంలో ఆడిస్తే హడావుడిగా వస్తుంది.

సత్యనారాయణపురం కుర్రోడు

కంపెనీ క్యాసెట్ సరిగ్గానే వచ్చిందండీ. తప్పు షాపుదే. మరి సీడీ పాటల్నే 3 శాతం పెంచి ఇంకో డిస్కు చేసిస్తే?

పటమట సౌండ్ బాక్స్

చెయ్యి. సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీలో తెరువు. టెంపో మార్చే ఆప్షన్ కాదు, వేగమూ శ్రుతీ రెండూ కలిపి మార్చేది ఎంచుకుని 3 శాతం పెట్టు. టెంపో ఒక్కటే మారిస్తే శ్రుతి పెరగదు, ఆయన మళ్లీ తప్పు పడతారు. ఇళయరాజా పాటని మాత్రం ఆ క్యాసెట్‌లోంచే ఎక్కించు, బుస శబ్దంతో సహా, దాని వేగం ముట్టుకోకు. నాలుగో పాట తర్వాత అతికించు. రాసేటప్పుడు డేటా డిస్కుగా కాకుండా ఆడియో సీడీగా, తక్కువ స్పీడులో రాయి. (స్పెషల్ ఎడిషన్ కొని దాన్ని చెడగొట్టమని సలహా ఇస్తున్నాను, ఇదీ నా బతుకు.)

సత్యనారాయణపురం కుర్రోడు

షష్టిపూర్తి అయిపోయిందండీ, ఫలితం చెప్పాలి కదా. ఉదయం వంటవాళ్లు వచ్చే వేళకే డిస్కు పెట్టాం. నాన్నగారు ఏమీ అనలేదు. ‘థ్రిల్లర్’ నవ్వు ఆగింది, క్యాసెట్ బుస మొదలైంది, ఇళయరాజా పాట అందుకుంది. ఆయన పట్టుపంచె సర్దుకుంటూ పెదాలు కదుపుతున్నారు. ఈలోగా పురోహితులు గారు, “బాబూ, సంకల్పం చెప్పాలి, అది కాస్త తగ్గిస్తారా” అన్నారు. నాన్నగారు “ఈ పాట అవనివ్వండి” అన్నారు.

గుంటూరు కలెక్టర్ (జిల్లాది కాదు, సీడీలది)

సంతోషం తమ్ముడూ. మరి అసలు స్పెషల్ ఎడిషన్ ఏం చేశావ్? అమ్మేస్తానంటే చెప్పు.

సత్యనారాయణపురం కుర్రోడు

అమ్మనండీ. ఆ 1981 డెమో నాకు ఎక్కేసింది.