తేనీరు మందురా, మత్తురా? ఒక ఆటవెలది పాదం గురించి

హాలియా నుంచి ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. చిన్నప్పుడు మా తెలుగు సారు మధ్యాహ్నం గంట కొట్టగానే నల్లబల్ల మీద తాను అల్లిన ఆటవెలది ఒకటి రాసి, మా చేత గణాలు విడదీయించేవారు. వాటిలో ఒక పాదం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు: "దిగులు దీర్చు మనకు తేనీరు మందురా". రెండో పాదంలో అల్లం ఉన్నట్టు లీలగా గుర్తు. నాతో చదువుకున్న మిత్రుడు మాత్రం అది "మందురా" కాదు, "మత్తురా" అని పట్టుబడుతున్నాడు. ఒక్క పూట చాయ తప్పితే తనకు తలనొప్పి పట్టుకుంటుందని, సారు ఆ వ్యసనం గురించే హెచ్చరించారని అతని వాదన. ఏది సరైన పాఠం?

వనపర్తి నుంచి:
గణాలను బట్టి ఇది తేలదు, రెండూ రగణాలే (గురువు, లఘువు, గురువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి, "ది–తే" చక్కగా కుదిరింది కాబట్టి తేనీరు వరకు పాదం నిక్కమే. ఇక అర్థాన్నే ఆశ్రయించాలి. తేయాకులోని కెఫీన్, మెదడులో నిద్రను పిలిచే అడినోసిన్‌కు అడ్డు నిలిచి మత్తును వదిలిస్తుంది. అదే ఆకులో ఉండే థియనీన్ మనసును కుదుటపరుస్తుందని చెబుతారు. మత్తు వదిలించేదాన్నే మత్తు అనడం పొసగదు. పైగా "దీర్చు" అన్న క్రియ పక్కన నిలబడదగినది మందే. మీ మిత్రుని తలనొప్పి నిజమే, కెఫీన్‌కు అలవాటు పడిన ఒళ్లు అది అందనప్పుడు అలాగే నొస్తుంది; అయినా దానిని అలవాటు అంటాము గాని మత్తు అనము.

నకిరేకల్ నుంచి:
అసలు అక్కడ "తేనెనీరు" ఉండేదేమో చూడండి. తేనె, అల్లం కలిపిన వేడినీరు మన ఇళ్లలో దగ్గుకు ఇచ్చేదే, అప్పుడు మందు అన్న మాట మరింత అతుకుతుంది.

వనపర్తి నుంచి:
అయ్యా, ఆటవెలది ఈ పాదం చివర రెండూ ఇంద్రగణాలే కావాలి. "తేనెనీ" వరకు రగణం అవుతుంది, మరి మిగిలిన "రు మందురా" ఏ ఇంద్రగణం? లగలగ (లఘువు, గురువు, లఘువు, గురువు) అయి పాదం విరిగిపోతుంది. తేనీరులోని "తే" తేనె కాదు. చైనా దక్షిణ తీరపు రేవుల్లో పలికే "తె" డచ్చి ఓడలెక్కి ఐరోపాకు చేరి "టీ" అయింది. అదే దేశపు "చా" నేలదారిన పారసీకం మీదుగా వచ్చి మన నోట "చాయ" అయింది. "తేయాకు"లో యడాగమాన్ని, అంటే రెండు అచ్చుల నడుమ చేరిన యకారాన్ని, చూసినా "తే" వేరే పదమని తెలుస్తుంది. ఇక్కడ మరొక విశేషం ఉంది. మన జిల్లాల్లో చాయ తాగుతారు గాని తేనీరు ఎవరూ తాగరు. అయినా సారు తేనీరు అన్నారంటే, "చాయ" అని ఉంటే "ది"కి యతి చెల్లదు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ కుదరదు కనుకనే అన్నారు.

చండూరు నుంచి:
"మందు" పాఠాన్నే నేనూ సమర్థిస్తాను, అయితే వనపర్తి వారు చెప్పిన కారణానికి కాదు. తెలుగులో మందు అంటే ఔషధం ఒక్కటే కాదు. పత్తి చేనుకు కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, గిట్టనివాళ్లు అన్నంలో పెట్టారని ఊళ్లో చెప్పుకునేదీ మందే. చాయకు కూడా మేలు, కీడు అనే రెండు ముఖాలూ ఉన్నాయి. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును పీల్చి ఆకుల్లో, ముఖ్యంగా ముదురాకుల్లో, దాచుకుంటుంది. మరిగించినప్పుడు అది నీటిలోకి దిగుతుంది. మా మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎంతో దాటిన ఫ్లోరైడుతో తరాలు నడుములు వంగాయి. పటిక, సున్నం వేసి దానిని అడుక్కు దించే పద్ధతికి మన నల్లగొండ పేరే నిలిచింది. ఆ నీళ్లతోనే చాయ కాచుకున్న ఇంట్లో మందు అన్న మాట ఎటు మొగ్గేదో ఆలోచించండి. అన్నం తిన్న వెంటనే తాగితే అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆకుకూరల, పప్పుల ఇనుమును ఒంటికి పట్టనీయవు. అందుకే రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు గంటసేపైనా ఆగి తాగడం మేలు.

గద్వాల నుంచి:
వేప తినగా తినగా తీయనవుతుందన్న వేమన మాట తలచుకోండి. చేదుకు అలవాటు పడడాన్ని ఆయన ఒక సాధనగా చూశాడు, ఈ సారు నడిచిన బాట కూడా అదే. ఆ ఛందస్సు, "రా" అన్న ఆ పిలుపు అక్కడివే. అందుచేత నా ఊహ వేరు: ఆ మాట "పథ్యమే" అయి ఉండాలి, అదీ రగణమే. 2022లో బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో, రోజుకు రెండు కప్పులు, ఆపైన టీ తాగేవారిలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. అది చాయ వల్లనే అని ఆ పరిశోధన రుజువు చేయలేదు. రోగాన్ని కుదర్చకుండా ఒంటికి హితంగా మాత్రమే ఉండేదానికి మన వైద్యులు పెట్టిన పేరు పథ్యం. అదీ పొగలు కక్కుతుండగా కాదు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని 2016లోనే హెచ్చరించారు.

హాలియా నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక కళ్లు మూసుకొని ఆ నల్లబల్లను తలచుకున్నాను. సారు సుద్దముక్కను అడ్డంగా పట్టి రాసేవారు, వత్తులు గీత కిందికి బారుగా వేలాడేవి. పాదం చివరి మాట కింద ఒక వత్తు వేలాడుతున్నట్టే కనిపిస్తున్నది. "మందురా"లో వత్తు లేదు కదా, సున్నాయే కదా? నా పాఠమే తప్పేమో.

వనపర్తి నుంచి:
తొందరపడి మందును వదిలేయకండి. ముందు ఇది చెప్పండి: మీకు కనిపించినది త వత్తా, య వత్తా?