ప్రీ-ఛాంబర్ బిగించాక ఇంజను ఐడిల్‌లో ఆగిపోతోంది, ఏం చేయాలి?

ఎం.టెక్. విద్యార్థి: మా కళాశాల ప్రయోగశాలలో 550 సీసీ సింగిల్ సిలిండర్ పెట్రోలు ఇంజను ఉంది. కంప్రెషన్ నిష్పత్తి 10. ప్రాజెక్టు కోసం స్పార్క్ ప్లగ్ ఉండే చోట 4.5 సీసీ ప్రీ-ఛాంబర్ (నిప్పురవ్వ ముందుగా పడే చిన్న గది; అందులోంచి మంట రంధ్రాల గుండా సిలిండర్లోకి దూకుతుంది) బిగించాం. దాని మూతికి 1.2 మి.మీ. రంధ్రాలు ఆరు. అందులోకి విడిగా ఇంధనం ఇవ్వడం లేదు. లోడు మీద ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోంది. ఐడిల్‌కు తెచ్చేసరికి తడబడి ఆగిపోతోంది. లాంబ్డా (ఇంధనం పూర్తిగా కాలడానికి కావలసినదానికి ఎన్ని రెట్లు గాలి ఉందో చెప్పే అంకె) 2 దాకా వెళ్ళాలనుకున్నాం, 1.4 దాటితే మిశ్రమం సరిగ్గా అంటుకోక మిస్‌ఫైర్లే. ఫార్ములా వన్‌ ఇంజన్లలో పనిచేసేది మాకెందుకు కుదరడం లేదో ఎవరైనా చెప్పగలరా?

విశ్రాంత ఇంజన్ల ఇంజనీరు: ముందు మీ లెక్క చూద్దాం. మీ ఇంజను క్లియరెన్స్ ఘనపరిమాణం, అంటే పిస్టన్ పై కొసకు చేరాక మిగిలే ఖాళీ, దాదాపు 61 సీసీ. 4.5 సీసీ అంటే అందులో ఏడు శాతం పైమాటే. రెండు మూడు శాతం చాలు, అంటే ఒకటిన్నర సీసీ. పైగా అంత ఖాళీ కొత్తగా చేర్చితే మీ 10 కాస్తా 9.4కు దిగిపోతుంది. దాన్ని పిస్టన్‌తో సరిచేశారా?

అసలు చిక్కు వేరే ఉంది. ఎగ్జాస్ట్ స్ట్రోకులో సిలిండర్ ఖాళీ అవుతుంది గానీ ప్రీ-ఛాంబర్ కాదు. కాలిన వాయువు అందులోనే ఉండిపోతుంది. కంప్రెషన్‌లో కొత్త మిశ్రమం రంధ్రాల గుండా ఎక్కి, ఆ పాత వాయువును పైకి నెడుతుంది. పైన ఏముంది? మీ ప్లగ్ ఎలక్ట్రోడు! థ్రాటిల్ మూసినప్పుడు వచ్చే మిశ్రమమే కొద్ది, అందులోనూ కాలిన వాయువు పాలు ఎక్కువ. నిప్పురవ్వ పడేది బూడిద మీదే. ప్లగ్ పింగాణీ చుట్టూ ఉన్న ఖాళీని వీలైనంత తగ్గించండి, ఎలక్ట్రోడును రంధ్రాల వైపు దించండి. కొంత మెరుగవుతుంది, పూర్తిగా మాత్రం పోదు. మసెరాటీ 2020లో తెచ్చిన నెట్టునో ఇంజన్లో కూడా ప్రీ-ఛాంబర్‌కు తోడుగా సిలిండర్ పక్కన మామూలు ప్లగ్ ఒకటి పెట్టారు, ఇలాంటి తక్కువ లోడు కోసమే.

లాంబ్డా 2 సంగతి: విడిగా ఇంధనం ఇవ్వని గదిలో ఉండేది సిలిండర్లోని మిశ్రమమే. అది పల్చబడితే గదిలోదీ పల్చబడుతుంది. హోండా 1970ల్లో సీవీసీసీ ఇంజన్లో చిన్న గదికి ప్రత్యేకంగా మూడో వాల్వు పెట్టి చిక్కటి మిశ్రమం పంపింది. ఆ కిటుకుతోనే కెటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ వాయువును శుద్ధి చేసే పరికరం) లేకుండా అమెరికా ఉద్గార నిబంధనలకు సరిపోయింది. ఇక ఫార్ములా వన్‌లో 2014 నుంచి ఇంధన ప్రవాహానికి గంటకు 100 కిలోల హద్దు ఉండేది. వాళ్ళ తపనంతా పూర్తి లోడులో ప్రతి గ్రామునూ పిండుకోవడం మీదే. ఐడిల్‌తో వాళ్ళకేం పని?

గ్యాస్ జనరేటర్ల మెకానిక్: పెద్ద గ్యాస్ ఇంజన్లలో ఇది రోజువారీ వ్యవహారమేనండీ. ప్రీ-ఛాంబర్‌కు చెక్ వాల్వు (ఒకవైపే పోనిచ్చే వాల్వు) గుండా గ్యాస్ ఇస్తాం. ఇన్‌టేక్ స్ట్రోకులో సిలిండర్ ఒత్తిడి పడిపోగానే తెరుచుకుంటుంది, కంప్రెషన్ మొదలైతే మూసుకుంటుంది. మీరు పెట్రోలు చిమ్మితే అంత చిన్న గది గోడలు తడిసి మసి పడుతుంది. సీఎన్‌జీ ప్రయత్నించండి. లైనులో ఫ్లేమ్ అరెస్టర్ (మంట వెనక్కి పాకకుండా ఆపేది) మాత్రం మరవద్దు. ఆ వాల్వుకు మసి పట్టి సరిగ్గా మూసుకోకపోవడం మాకు తరచూ ఎదురయ్యే తలనొప్పి. విప్పినప్పుడల్లా చూసుకోండి.

ఎం.టెక్. విద్యార్థి: ధన్యవాదాలు సార్. పిస్టన్ మార్చలేదు. చాంబర్ 1.5 సీసీతో మళ్ళీ చేయిస్తాం. 1.4 దగ్గరే ఆపి ప్రాజెక్టు ముగిస్తే ఫరవాలేదా?

విశ్రాంత ఇంజన్ల ఇంజనీరు: ఆ అంకెనే నేను నమ్మను. మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్ ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది, అక్కడి ఆక్సిజన్ సెన్సరు దాన్ని చూసి మిశ్రమం ఉన్నదానికంటే పల్చగా ఉందంటుంది. గాలి, ఇంధన ప్రవాహాలు విడివిడిగా కొలిచి లెక్కకట్టండి. 1.4 దగ్గర ఆగడం కూడా మంచి బేరం కాదు. నైట్రోజన్ ఆక్సైడ్లు లాంబ్డా 1.1 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వస్తాయి. 1.4 దగ్గర ఇంకా చెప్పుకోదగ్గంత ఉంటాయి. అంత ఆక్సిజన్ మధ్య త్రీ-వే కెటలిటిక్ కన్వర్టర్ వాటిని తగ్గించలేదు. గ్యాస్ లైను పెట్టి 1.8 దాటండి, లేదా లాంబ్డా 1లోనే ఉండి దహన వేగం మీద రాయండి. రెండోదానికీ విలువ ఉంది. ఐడిల్‌లో వరుసగా 300 సైకిళ్ళ సిలిండర్ ప్రెషర్ తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.