పొట్టేళ్లను చెంగిచెర్ల కబేళాకు పంపాలె, ఎట్ల ఎక్కియ్యాలె?

దేవరకొండ కొత్త కాపరి:
12 పొట్టేళ్లు, ఒక్కోటి 30 కిలోల పైనే. టాటా ఏస్‌ల పడతయా? మేపి ఎక్కియ్యాల్నా?

నల్లగొండ జీవాలు:
మేపకు తమ్మీ. నిండు కడుపుతోని పోతే కోసేటప్పుడు పేగు తెగి మాంసం ఖరాబైతది. ముందు రాత్రి నుంచే మేత బంద్ పెట్టు, నీళ్లు మాత్రం ఎక్కించేదాక తాగనియ్యి. 1978 జంతువుల రవాణా నియమాల ప్రకారం 30 కిలోలు దాటిన, ఉన్ని కత్తిరియ్యని జీవానికి 0.28 చదరపు మీటర్లు, అంటే 3 చదరపు అడుగులు కావాలె. బండి తొట్టి కొలిచి సూడు. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుంటే 11 పడతయ్. పన్నెండోదాన్ని ఇరికిస్తే, కింద పడ్డది లేవలేక తొక్కుడుకే చస్తది. పశువైద్యుని సర్టిఫికెట్ బండిల ఉండాలె.

అచ్చంపేట మంద:
కింద వరిగడ్డి కనీసం 5 సెంటీమీటర్ల మందం పరువు. ఉత్త రేకు మీద ఉచ్చకు గిట్టలు జారతయ్. ఉన్ని పట్టి అస్సలు లేపొద్దు, తోలు కింద నెత్తురు కమిలి ఆ ముక్క కోసి పారేస్తరు. గదమ కింద ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి పెట్టి నడిపియ్యి. ఎండకాలమైతే తెల్లారకముందే బయలెల్లు.

దేవరకొండ కొత్త కాపరి:
మొన్ననే నట్టల మందు పోసిన, ఏమన్న ఇబ్బందా?

నల్లగొండ జీవాలు:
ఆ మందు కొన్ని రోజులు మాంసంల మిగులుతది, మాంసానికి కోయాలంటే ఎన్ని రోజులు ఆగాల్నో సీసా మీదుంటది. అవి నిండినంకనే పంపు.