రాయి రెండుగా విడిపోయింది, లోపల ముద్దలాంటిది ఉంది. ఇదేంటో చెప్పగలరా?

బుజ్జిగాడి నాన్న
అందరికీ నమస్కారం. మూడు గంటలుగా దీంతోనే కూర్చున్నాను, విసుగొచ్చేసింది. మావాడు ఏరుకొచ్చిన రాళ్లలో ఒకటి ఇవాళ పొద్దున రెండుగా విడిపోయింది. లోపల ఏదో ఆకారం ఉంది. ఆకు కాదు, చేప కాదు, గవ్వ కాదు. అంచు మాత్రం గీత గీసినట్టు స్పష్టంగా ఉంది, మధ్యలో నున్నగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే ఒకసారి అగేట్ అంటుంది, ఒకసారి తాబేలు డిప్ప అంటుంది. మావాడేమో టల్లీ మాన్‌స్టర్ (అదో వింత పాతకాలపు సముద్ర జీవి శిలాజం) దొరికిందని ఇల్లంతా గంతులు. సోమవారం క్లాసులో చూపించాలట. తప్పు చెప్పి పంపడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు పేరు చెప్పండి చాలు. ఫొటో కింద పెట్టాను.

శిల
ఎక్కడ దొరికింది? సైజెంత? రెండో సగం ఏది?

బుజ్జిగాడి నాన్న
మామూలు గుండ్రాయేనండీ. బయట ఇటుక రంగు, లోపల బూడిద రంగు. అరచేతిలో పడుతుంది. రెండో సగంలో ఏమీ లేదు, అందుకే ఫొటో తీయలేదు.

శిల
అరచెయ్యి కొలత కాదు. పక్కన స్కేలు పెట్టి తీయండి. ఊరు చెప్పలేదు ఇంకా.

వెంకట్ 1987
గుండ్రంగా ఉందంటున్నారు కదా, డైనోసార్ గుడ్డేమో చూడండి. లోపల పిల్ల ఉండే అవకాశం కూడా ఉంటుంది.

శిల
కాదు. 2020 అక్టోబరులో తమిళనాడు పెరంబలూరు దగ్గర చెరువు మట్టి తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్లు బయటపడి, డైనోసార్ గుడ్లని ఫోన్లన్నీ మోగిపోయాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే అవి అమ్మోనైట్ల చుట్టూ, అంటే సుడి తిరిగిన గుల్లలున్న పాతకాలపు సముద్ర జీవుల చుట్టూ, పేరుకున్న రాతి గడ్డలు. గుండ్రంగా ఉంటే గుడ్డు అనుకోవద్దు.

ముక్తినాథ్ యాత్రికుడు
అమ్మోనైట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన ఇళ్లలో తరతరాలుగా ఇలాంటి రాళ్లు ఉన్నాయి, మనమే వాటిని గమనించం. మా తాతగారి దేవుడి పెట్టెలో సాలగ్రామం ఉండేది. రాగి పళ్లెంలో పెట్టి అభిషేకం చేసేటప్పుడు ఆ నల్లటి గుండు మీద నీళ్లు జారితే, పగిలిన నోట్లోంచి లోపలి చక్రం తడి మెరుపుతో కనబడేది. వేలి గోరు పట్టేంత సన్నటి గాట్లు, సుడి తిరుగుతూ లోపలికి వెళ్లేవి. వజ్రకీటం అనే పురుగు తొలిచిందని తాతగారు చెప్పేవారు. ముక్తినాథ్ వెళ్లినప్పుడు కాళీగండకి ఒడ్డున నేనే నలభై యాభై రాళ్లు తిప్పి చూశాను. చాలావాటిలో ఏమీ లేదు. చక్రం ఉన్నది ఒక్కటి చేతికి వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గుండు లోపలిది జురాసిక్ కాలపు సముద్ర జీవి గుల్ల అని తరవాత తెలిసింది. తెలిశాక నా భక్తి తగ్గలేదు, పెరిగింది. హిమాలయం ఉన్నచోట సముద్రం ఉండేదని ఆ రాయి మా పూజగదిలో కూర్చుని చెబుతోంది. మీ రాయిలో చక్రం ఉందా?

బుజ్జిగాడి నాన్న
చాలా బాగా చెప్పారండీ, కానీ ఇందులో చక్రం లేదు. సంచిలాగా ఉంది.

రిటైర్డ్ జియాలజీ మాస్టారు
ముందు పదాలు సరిచేసుకుందాం. ‘గుండ్రాయి’ అంటే సరిపోదు, నదిలో దొర్లి అరిగినది కూడా గుండ్రాయే. మీరు చెబుతున్నది కాంక్రీషన్. మట్టిలో పూడుకున్న ఒక వస్తువును కేంద్రంగా చేసుకుని, ఖనిజం ఆ మట్టి రేణువుల మధ్య పేరుకుని అంతా ఒక గడ్డగా బిగుసుకుంటే కాంక్రీషన్. లోపల బోలుగా ఉండి గోడలకు స్ఫటికాలు పెరిగితే జియోడ్. ఈ రెండూ ఒకటి కాదు. ఇక శిలాజం సంగతి, ఏ కాలం శిలాజమో పొర తెలియకుండా చెప్పడం అసాధ్యం. మా ఉద్యోగ కాలంలో ప్రాణహిత–గోదావరి లోయలో పిల్లల్ని తిప్పాను. మలేరి ఎర్రమట్టిలో వాన వెలిశాక నడిస్తే జంతువుల పేడ రాయిగా మారినవి కాలికి తగిలేవి. మెలికలు తిరిగి, మామూలు రాయిలా ఉంటాయి. తెలియనివాడు తన్నుకుంటూ పోతాడు. అదే లోయలో కోట అనే రాతి పొరల్లోంచి వచ్చిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. మన పిల్లలు ఎంతమంది చూశారు?

శిల
మాస్టారూ, ఏరుకునేవాళ్లంతా నాడ్యూల్ అనే అంటారు. అర్థమైతే చాలు.

రిటైర్డ్ జియాలజీ మాస్టారు
అర్థం కావడం వేరు, సరిగ్గా చెప్పడం వేరు బాబూ. నాడ్యూల్ అనేది ఆకారాన్ని చెప్పే మాట. సుద్దరాయిలో ఫ్లింట్ గడ్డ కూడా నాడ్యూలే. కాంక్రీషన్ అంటే అదెలా ఏర్పడిందో కూడా తెలుస్తుంది. పిల్లవాడు క్లాసులో చెప్పబోతున్నాడు కాబట్టే పట్టుబడుతున్నాను.

శిల
సరే. ఊరు ఇంకా చెప్పలేదు ఆయన.

బుజ్జిగాడి నాన్న
అయ్యో, టల్లీ మాన్‌స్టర్ అన్నానుగా, అది దొరికేది ఇలినాయిలోనే కాబట్టి తెలిసిపోతుందనుకున్నాను. మేము ఉండేది అరోరా, షికాగో పక్కన. పోయిన సెప్టెంబరులో బ్రెయిడ్‌వుడ్ దగ్గర మజోనియాకి వెళ్లాం. శిలాజాలు ఏరడానికి పర్మిట్ ప్రింట్ తీసుకునే వెళ్లాం, అది కూడా ఎవరో అడిగేలోపు చెబుతున్నాను. సౌత్ యూనిట్‌లో గుట్టల మీద ఏరాం. ఒక బకెట్ నిండింది. స్కేలు పెట్టి చూశాను: ఆకారం పొడవు ఏడు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగున్నర.

జోలియట్ సుజాత
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మజోనియా అని మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం ప్రశ్నలు ఉండేవి కావు అన్నయ్యగారూ. నేను ఆరేళ్లుగా అక్కడ ఏరుతున్నాను, తెలిసింది చెబుతాను.

అవి పాత బొగ్గు గనుల మట్టి గుట్టలు. బొగ్గు పొర మీదుండే ఫ్రాన్సిస్ క్రీక్ షేల్‌ని, అంటే గట్టిపడిన బురదరాయిని, తవ్వి పక్కన పోశారు, ఆ షేల్‌లోంచే ఈ గడ్డలు రాలుతాయి. వయసు సుమారు 31 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టడానికి ఇంకా ఏడెనిమిది కోట్ల ఏళ్లు ఉంది, వెంకట్ గారూ. అప్పుడు ఇలినాయి భూమధ్యరేఖ దగ్గర ఉండేది. నది తెచ్చిన బురద సముద్రపు ఒడ్డున జీవుల్ని గబగబా కప్పేసింది. కుళ్లుతున్న దేహం చుట్టూ సిడెరైట్ అంటే ఇనుప కార్బొనేట్ పేరుకుని, బురద అణిగిపోకముందే గట్టిపడింది. అందుకే ఎముక, గుల్ల లేని మెత్తటి జీవులు కూడా మిగిలాయి. బయటి ఇటుక రంగు ఆ ఇనుము గాలి తగిలి తుప్పు పట్టడమే.

సౌత్ యూనిట్ పిట్ 11 అనే పాత గని వైపుది. అక్కడ సముద్రపు జీవులే ఎక్కువ, ఆ జీవుల గుంపునే ఎసెక్స్ అంటారు. ఫెర్న్ ఆకులు కూడా దొరుకుతాయి, అవి నీళ్లలో కొట్టుకొచ్చినవి.

మీ ఫొటోలో నాకు కనబడుతున్నది: నున్నటి సంచి, స్పష్టమైన అంచు, కాళ్లూ కణుపులూ లేవు. టల్లీ మాన్‌స్టర్ అయితే పొడవాటి ఒళ్లు, అడ్డంగా ఒక కడ్డీ, దాని రెండు చివర్లా కళ్లు, ముందుకు తొండం, వెనక తోక రెక్కలు ఉండాలి. అన్నీ ఒకే రాయిలో కనబడవు కానీ కడ్డీయో తోకో ఒకటైనా ఉంటేనే ఆ మాట అనాలి. బాబుకి మెల్లగా చెప్పండి.

నా అంచనా ఎసెక్సెల్లా. ఏరుకునేవాళ్లు దాన్ని ‘బ్లాబ్’ అంటారు, అంటే ముద్ద. అక్కడ అన్నిటికంటే ఎక్కువ దొరికే జంతువు అదే. కానీ ఒక్క సగం చూసి తేల్చను. రెండో సగం ఎక్కడుంది?

బుజ్జిగాడి నాన్న
పూలకుండీలో వేసేశాను. ఖాళీ అనుకున్నాను.

జోలియట్ సుజాత
తెచ్చుకోండి ముందు. శిలాజం ఉన్న రాయిలో ఖాళీ సగం అనేది ఉండదు. జంతువు ఒకవైపు ఉబ్బెత్తుగా పడితే రెండోవైపు గుంటగా అచ్చు పడుతుంది. ఒక సగంలో అంచు అరిగిపోతే రెండోదాంట్లో మిగిలి ఉంటుంది. నా దగ్గర ఒక రొయ్య ఉంది, ఒక సగంలో ఒళ్లు మాత్రమే, మీసాలన్నీ రెండో సగంలోనే ఉన్నాయి. ఎలా పగలగొట్టారు?

బుజ్జిగాడి నాన్న
ఇది తనంతట విడిపోయిందండీ. నీళ్లలో నానబెట్టి ఫ్రీజర్‌లో పెట్టడం, తీయడం, పది పన్నెండు సార్లు చేశాం. దీనికంటే ముందు రెండు మాత్రం సుత్తితో కొట్టాను, ముక్కలైపోయాయి. అవి తలుచుకుంటే బాధగా ఉంది. ఇంకోటి, దీని మీద తెల్లగా పొడిలా ఉంటే వెనిగర్‌లో ఒక పూట ఉంచి, పీచుతో రుద్దాను. ముందే చెప్పాల్సింది.

జోలియట్ సుజాత
పీచు ఇక వద్దండీ. ఆ తెలుపు రెండు రకాలు. సున్నపు పొరయితే వెనిగర్‌కి కరుగుతుంది. కెయోలినైట్ అనే మెత్తటి బంకమట్టి అయితే కరగదు, పైగా చాలాసార్లు శిలాజపు వివరం దాని మీదే ఉంటుంది. రుద్దితే ఆ వివరమే చేతికొస్తుంది. మెత్తటి టూత్‌బ్రష్, మంచినీళ్లు, అంతే.

సుత్తి సంగతి: నీరు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. రాయిలో బలహీనమైన చోటు శిలాజం ఉన్న పొరే, కాబట్టి మంచు అక్కడే చీలుస్తుంది. సుత్తికి ఆ దారి తెలియదు. మిగిలిన బకెట్ చలికాలంలో నీళ్లు పోసి డెక్ మీద వదిలేయండి, షికాగో చలి మీ బదులు పని చేస్తుంది. అన్నీ తెరుచుకోవు, తెరుచుకున్నవాటిలో చాలా ఖాళీవే. నేను ఒక గడ్డని రెండు చలికాలాలు ఉంచాను.

రిటైర్డ్ జియాలజీ మాస్టారు
బాగా చెప్పావమ్మా. ఒక సవరణ కావాలి. ఎసెక్సెల్లా జెల్లీఫిష్ కదా. పిల్లవాడి కాగితం మీద జెల్లీఫిష్ అనే రాయించండి.

జోలియట్ సుజాత
మాస్టారూ, అదే ఇప్పుడు మారింది. 1979లో జెల్లీఫిష్ అనే వర్ణించారు. పైన గొడుగు, కింద తెరలాంటి పావడా అనుకున్నారు. 2023లో రాయ్ ప్లాట్నిక్, మరో ఇద్దరు కలిసి వేల నమూనాలు చూసి అది సీ అనిమోన్, అంటే సముద్రం అడుగున నిలబడి ఉండే పువ్వులాంటి జంతువు, అని తేల్చారు. ఇన్నాళ్లూ తలకిందులుగా చూశామన్నమాట! గొడుగు అనుకున్నది బురదలో దిగబడే అడుగు భాగం, పావడా అనుకున్నది దాని ఒళ్లు. నేను ఆ పేపర్ చదివిన రాత్రి నా డబ్బాలోని ముద్దలన్నీ తీసి టేబుల్ మీద తిరగేసి పెట్టుకున్నాను. ఆరేళ్లు చేతిలో పట్టుకున్న జీవి అప్పుడు మొదటిసారి నిలబడినట్టు కనిపించింది.

రిటైర్డ్ జియాలజీ మాస్టారు
ఒక్క పేపర్‌తో పాతది కొట్టేస్తామా? టల్లీ మాన్‌స్టర్‌ని 2016లో వెన్నెముక జీవి అన్నారు, మరుసటేడే కాదన్నారు, 2023లో జపాన్ వాళ్లు స్కాన్ చేసి మళ్లీ కాదన్నారు. 1950ల్లో ఫ్రాన్సిస్ టల్లీ దాన్ని ఏరాడు. ఇన్నేళ్లయినా తేలలేదు.

శిల
టల్లీ తేలకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఎసెక్సెల్లా వేలల్లో దొరికింది, పోల్చి చూడగలిగారు.

రిటైర్డ్ జియాలజీ మాస్టారు
సంబంధం ఉంది. పేరు మారవచ్చు, చోటు మారదు. నేను నా విద్యార్థులతో ముందు చోటు, పొర రాయించి తరవాతే పేరు రాయించేవాడిని. పేరు పెన్సిల్‌తో.

జోలియట్ సుజాత
ఇది మాత్రం ఒప్పుకుంటాను మాస్టారూ. నేనూ పెన్సిలే.

ముక్తినాథ్ యాత్రికుడు
వజ్రకీటం అన్నందుకు ఎవరూ తప్పు పట్టలేదు, సంతోషం. ఒక సందేహం. మా తాతగారి సాలగ్రామంలో కూడా రెండో సగం ఉండి ఉంటుందా? నోరు పగిలిన చోట ముక్క ఎప్పుడో పోయింది.

శిల
ఉండే ఉంటుంది. ఏటి అడుగున.

బుజ్జిగాడి నాన్న
రెండో సగం దొరికింది. కుండీలో బంతి మొక్క మొదట్లో బోర్లా పడి ఉంది. కడిగి, పక్క నుంచి టార్చి వేసి చూశాను. ఖాళీ కాదు. నున్నటి భాగం కింద అంచు ఒకటి అడ్డంగా ఉంది, అక్కడి నుంచి సన్నటి ముడతలు నిలువుగా దిగాయి, తడి గుడ్డ పిండినట్టు. పైనుంచి లైటు వేస్తే ఒక్కటీ కనబడదు. రెండు సగాలూ స్కేలుతో సహా పెట్టాను చూడండి.

శిల
ఇది ఫొటో.

జోలియట్ సుజాత
ఆ అడ్డ అంచు, ముడతలు ఉన్నాయంటే ఎసెక్సెల్లాయే అంటాను. టార్చి పక్కనుంచి వెయ్యాలని మీకై మీకు తట్టింది చూశారా, మాకు అది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. చీటీ మీద మజోనియా సౌత్, తేదీ రాసి రెండు సగాలూ ఒకే సంచిలో పెట్టండి. విడదీయకండి.

బుజ్జిగాడి నాన్న
రాశాం. పేరు పెన్సిల్‌తోనే. టల్లీ కాదంటే కాసేపు ముఖం మాడ్చుకున్నాడు, తలకిందుల కథ చెప్పాక రాయిని తిప్పి తిప్పి చూస్తూ పడుకున్నాడు. థాంక్సండీ అందరికీ.

ప్లేనో శ్రీలత
ఆలస్యంగా చూశాను. మాది డల్లాస్ పక్కన, ఏటి ఒడ్డున అమ్మోనైట్ ముక్కలు దొరుకుతున్నాయి. సున్నపు రాయిలో ఉన్నాయి. వీటికి కూడా ఫ్రీజర్ పద్ధతి పనిచేస్తుందా? సుజాత గారూ?